గుంటూరు వైద్యురాలు కుగ్లరమ్మగారు

చదువవలసిన వాక్యభాగములు: నిర్గమకాండము 18:13–27, రాజులు మొదటి గ్రంథము 19:1–8



జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలోని మన పల్లె సంఘములలో నర్సు పనికి వెళ్లిన కుమార్తెలు ఎందరో యున్నారు. ఒకతె జిల్లా ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేయుచున్నది. ఒకతె ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో కాన్పులు చూచుచున్నది. మరియొకతె ఆశా కార్యకర్తయై యెండలో ఇంటింటికి తిరుగుచున్నది. ఆదివారము వారు గుడికి వచ్చినప్పుడు వారి సేవను మెచ్చుకొందుము, వారికొరకు ప్రార్థన చేయుదుము. అమ్మా, రాత్రి నిద్రపోయితివా, అన్నము తింటివా అని అడుగువారు మాత్రము తక్కువ. ఈ నెల మనము జ్ఞాపకము చేసికొనబోవు వైద్యురాలిని కూడ ఆమెను పంపినవారు మొదట అట్లు అడుగలేదు. ఆమెయే గుంటూరులో మిషను ఆసుపత్రిని స్థాపించిన డాక్టరు అన్నా సారా కుగ్లరుగారు.

ఆమె 1856వ సంవత్సరము ఏప్రిల్ 19వ తేదీన అమెరికా దేశమందలి పెన్సిల్వేనియా రాష్ట్రములో ఆర్డుమోరు అను ఊరిలో జన్మించెను. ఆ దినములలో స్త్రీలు వైద్యము చదువుట అమెరికాలో సైతము క్రొత్త సంగతియే. ఫిలదెల్ఫియా పట్టణములో స్త్రీలకొరకు ప్రత్యేకముగా ఒక వైద్య కళాశాల 1850లో ఏర్పడెను. కుగ్లరుగారు అక్కడ చదివి 1879లో పట్టము పొందిరి. తరువాత కొంతకాలము నోరిస్టౌను అను చోట మానసిక రోగుల ప్రభుత్వ ఆసుపత్రిలో స్త్రీల విభాగమున పనిచేసిరి. మనస్సు చెదరినవారి నడుమ పనిచేయు వైద్యునికి మందుల పెట్టెకంటె ఓర్పు ఎక్కువ కావలెను. నేడు వేసిన కట్టు రేపు విప్పి మాను చూడగల పని కాదది. ఒకే మాటను వందమారులు వినవలెను, వినిన ప్రతిమారును క్రొత్తగా వినినట్లుండవలెను. గుంటూరులో ఆమె చూపిన స్వభావము ఈ ఆసుపత్రిలోనే పదును పొందియుండునని నా తలంపు.

ఆమె అక్కడ నుండగా గుంటూరులో లూథరను మిషను పని చేయుచుండిన ఏ. డి. రో దొరగారినుండి ఒక ఉత్తరము వచ్చెను. తెలుగు దేశములో గోషాలోనున్న స్త్రీలు పురుష వైద్యునియెదుటికి రారు. చావనైన చత్తురుగాని చేయి చాపి నాడి చూపరు. కాబట్టి ఒక స్త్రీ వైద్యురాలు కావలెనని అందలి సారాంశము. కుగ్లరుగారు ఆ పిలుపును ప్రభువు పిలుపుగా ఎంచి, లూథరను స్త్రీల మిషనరీ సమాజమునకు తమ్మును తాము అప్పగించుకొనిరి. అయితే ఆ సమాజమువారు వైద్యసేవకు తాము ఇంకను సిద్ధముగా లేమనిరి. వైద్యురాలిగా పంపుటకు బదులు గోషా యిండ్లలో బోధించు ఉపదేశకురాలిగా ఆమెను నియమించిరి.

ఈ సంగతిని చెప్పునప్పుడు మనము సాధారణముగా ఆమె వినయమును మాత్రమే పొగడి ముందునకు పోవుదుము. ఆమె వినయము నిజమైనదే. అయినను పంపినవారి పొరపాటును ఆమె త్యాగముతో కప్పివేయుట న్యాయము కాదు. వైద్యము చదివినదానిని వైద్యములేని దేశమునకు పంపుచు, బడిపని చేతికిచ్చిరి. రోగులు ఊరకుందురా? ఆమె వైద్యురాలని తెలిసిన దినమునుండి వాకిట చేరుదురు. అప్పుడు వ్రాతపూర్వకముగా ఒక పని, నిజముగా రెండు పనులు. దున్నే యెద్దునే పొడుతురను మన పెద్దల మాట సంఘములకును వర్తించును.

1883వ సంవత్సరము నవంబరు 29న ఆమె గుంటూరు చేరెను. అప్పటికి ఆమె వయస్సు 27 సంవత్సరములు. మన ప్రాంతము నాడు నిజాము ప్రభువుల ఏలుబడిలోను, గుంటూరు తెల్లదొరల మద్రాసు రాజధానిలోను ఉండెను. భాష ఒక్కటే, పల్లెల బాధ ఒక్కటే, పాలన మాత్రము వేరు. గుంటూరులో లూథరను మిషనును ఫాదరు హయ్యరుగారు 1842వ సంవత్సరము జూలై 31న ప్రారంభించియుండిరి. ఆయన పిమ్మట స్వదేశమునకు వెళ్లి, తాను ఏబది యేండ్లు దాటినవాడైనను, వైద్యము చదివి పట్టము పుచ్చుకొని మరల వచ్చిన ఘనుడు. కావున సువార్తకును వైద్యమునకును పొత్తు అక్కడ క్రొత్తది కాదు. అయినను స్త్రీలకొరకు స్త్రీ వైద్యురాలు అదే మొదలు.

కుగ్లరుగారు తమకు నియమింపబడిన పనిని తప్పించుకొనలేదు. తెలుగు నేర్చుకొనిరి. గోషా యిండ్లలో బోధనను, బాలికల పాఠశాలల తనిఖీని చూచిరి. దానితోపాటు తమవెంట తెచ్చుకొనిన మందులతో రోగులను చూచుట మొదలుపెట్టిరి. ఆ కాలపు ఆచారమునుబట్టి అన్యదేశపు స్త్రీ తాకినయెడల మైలపడుదుమని తలంచిన కుటుంబములు అనేకములుండెను. వైద్యురాలు వెళ్లిన పిదప స్నానము చేయుదురు, ఇల్లు కడుగుదురు. ప్రాణము కాపాడిన చేతినే అంటరాని చేయిగా చూచుట ఎంత కఠినమో మన సంఘముల వృద్ధులకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆమె దానికి అలిగి ఆ యిండ్లకు వెళ్లుట మానలేదు. రోగి బాగుపడిన యింటిలో మాటలు మెల్లగా మారును, పిమ్మట గడపయు మారును.

రోగులు పెరిగిరి, పని పెరిగెను. సమాజమువారికి ఆమె ఉన్నదున్నట్లు వ్రాయుచునే యుండెను. చివరకు 1885వ సంవత్సరము డిసెంబరులో వారు ఆమెను వైద్య మిషనరీగా అంగీకరించిరి. అప్పటికి రెండేండ్లు గడచెను. 1886లో గుంటూరులో స్త్రీలకు, పిల్లలకు మందులిచ్చు చిన్న వైద్యశాల తెరువబడెను.

ఇక్కడ ఆమె స్వభావమును కొంచెము నిలిచి చూడవలెను. కొందరు అన్యాయము జరిగినప్పుడు పోరాడి పని విడిచి వెళ్లుదురు. కొందరు నోరుమూసికొని లోలోపల క్రుంగి, ఆ క్రుంగుబాటును రోగులమీదను తోటివారిమీదను కోపముగా చూపుదురు. ఈమె ఆ రెండింటిలో ఏదియు చేయలేదు. పని చేయుచునే అడిగెను, అడుగుచునే పని చేసెను. ఓర్చుకొనుట వేరు, మౌనముగా నుండుట వేరు. మన యాడపిల్లలకు చిన్ననాటినుండి ఈ రెండును ఒకటేయని నేర్పియున్నాము. అందుచేత డ్యూటీ పట్టికలో అన్యాయము జరిగినను పెద్ద నర్సమ్మగారికి ఒక మాట చెప్పుటకు వారు భయపడుదురు.

వైద్యశాల తెరచిన తరువాత దాదాపు పదేండ్లు ఆ మిషనులో ఆమెకు సాటి వైద్యురాలు లేకయుండెను. మందు కలుపుట, పుండు కడుగుట, కాన్పు చూచుట, లెక్కలు వ్రాయుట, ఇంటినుండి పిలుపు వచ్చినప్పుడు అర్ధరాత్రియైనను బయలుదేరుట, ఇవన్నియు ఒక మనిషి చుట్టును తిరుగును. సహాయము చేయువారు ఎవరో ఒకరుండినను, వారికి పని నేర్పుట మరియొక పని. 1889లో ఆమె సెలవుమీద స్వదేశమునకు వెళ్లెను. 1891 వరకు అక్కడ నుండెను. అయితే ఆ సెలవునందును సంఘములు తిరిగి ఆసుపత్రి కట్టుటకు ద్రవ్యము సమకూర్చుటయే పని. పేరుకు సెలవు, నిజమునకు మరియొక ఊడిగము.

ఏలీయా ప్రవక్త చరిత్ర ఇక్కడ మనకు జ్ఞాపకము రావలెను. కర్మెలు కొండమీద అంత గొప్ప జయము చూచినవాడు, యెజెబెలు బెదిరింపు విని అరణ్యమునకు పారిపోయి, బదరీవృక్షము క్రింద కూర్చుండి మరణమును కోరెను. దేవుడు ఆయనను గద్దింపలేదు. నీ విశ్వాసమేమాయెనని అడుగలేదు. మొదట నిద్రపోనిచ్చెను. దూతచేత వేడి రొట్టెను, నీళ్ల బుడ్డిని పంపెను. తిని మరల పడుకొనగా రెండవమారును లేపి తినుమని చెప్పించెను. హోరేబు కొండమీద ప్రశ్నలు, క్రొత్త ఆజ్ఞలు ఆ తరువాతనే. అలసినవానికి ఉపదేశముకంటె ముందు అన్నమును నిద్రయు కావలెనని సృష్టికర్తకే తెలిసియుండగా, డ్యూటీ దిగి వచ్చిన నర్సుకు మనము మొదట ఉపదేశమే వడ్డించుచున్నాము!

1893లో గుంటూరులో వైద్యశాలకు సొంత భవనము ఏర్పడెను. 1897వ సంవత్సరము జూన్ 23న ఏబది పడకల ఆసుపత్రి తెరువబడెను. ఆ పడకలకంటెను ముఖ్యమైనది మరియొకటి యున్నదని నేను తలంచుచున్నాను. అప్పటికి కొద్ది సంవత్సరముల ముందే ఆమెకు తోడు దొరికెను. డాక్టరు మేరీ బేరుగారు, శిక్షణ పొందిన నర్సు కాథరీను ఫాసుగారు గుంటూరు చేరిరి. పిమ్మట మన దేశపు బాలికలకు ఆ ఆసుపత్రిలోనే నర్సు శిక్షణ ఇచ్చుట మొదలాయెను.

మోషే మామయైన యిత్రో చూచినది ఇదియే. ఉదయమునుండి సాయంకాలమువరకు జనులు మోషేచుట్టు నిలిచియుండిరి. ఆయన ఒక్కడే కూర్చుండి తీర్పు తీర్చుచుండెను. మోషేకు అది గొప్ప సేవగా తోచెను. అతిథిగా వచ్చిన యిత్రోకు మాత్రము అది మోషేకును జనులకును నలుగుబాటుగా కనబడెను. ఇద్దరికిని అను సంగతిని గమనింపుడి. అలసిన న్యాయాధిపతియెదుట జనులును అలసిపోవుదురు. అలసిన నర్సు చేతిలో సూది రోగికి ఎక్కువ నొప్పి కలుగజేయును. వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి అధికారులను నియమింపుమని యిత్రో ఇచ్చిన ఆలోచన రాజనీతి మాత్రమే కాదు, కనికరము కూడను.

పని పంచుట చెప్పినంత సులభము కాదు. ఏండ్లతరబడి అన్నియు తానే చేసినవారికి ఇతరుల చేతి పని నచ్చదు. పుండు నేను కడిగినట్లు మరియొకరు కడుగరని తోచును. ఆసుపత్రులలో ఇట్టి పెద్దలను మనమందరము చూచియున్నాము. కుగ్లరుగారు ఆ తీరున పోలేదు. మేరీ బేరుగారివంటి తోడును గుంటూరులోనే కట్టి ఉంచుకొనక, చీరాలలో వైద్యసేవ నడుపుటకు విడిచిపెట్టిరి. చీరాల ఆసుపత్రికిని, పల్నాటిలోని రెంటచింతల ఆసుపత్రికిని కుగ్లరుగారు ఆధారముగా నిలిచిరి. తన భారము తగ్గించిన మనిషిని మరియొక ఊరి భారము తగ్గించుటకు పంపుట సామాన్యమైన గుణము కాదు.

నర్సు శిక్షణకు వచ్చినవారిలో ఎక్కువమంది క్రైస్తవ కుటుంబముల బాలికలే. రక్తము, మలము తాకు పని కావున ఇతరులు తమ కుమార్తెలను పంపుటకు ఒప్పుకొనెడివారు కారు. నాడు హీనముగా ఎంచబడిన ఆ పనినుండియే మన స్త్రీలకు చదువు, జీతము, ఊరిలో గౌరవము కలిగెను. మన హనుమకొండలో బాప్తిస్టు మిషనువారు నడిపిన ఆసుపత్రి చరిత్రయు ఈ విధమైనదే. 1918లో వేలూరులో ఐడా స్కడ్డరు దొరసానిగారి వైద్య పాఠశాల తెరువబడిన తరువాత మన దేశపు స్త్రీలు వైద్యురాండ్రగుటకును త్రోవ విశాలమాయెను.

ఏలూరు రాజావారైన మంత్రిప్రగడ భుజంగరావుగారి కథ గుంటూరువారు ముచ్చటగా చెప్పుకొందురు. రాణిగారికి కుగ్లరుగారు చికిత్స చేసిరి. దానికి కృతజ్ఞతగా రాజాగారు ఆసుపత్రి యెదుట ఒక సత్రము కట్టించిరి. అది రోగులకొరకు కాదు, రోగులతో వచ్చిన బంధువులకొరకు. ఎంత తెలివిగల కానుక! ఆసుపత్రికి మనిషిని తీసికొనిపోయిన ప్రతి పల్లె కుటుంబమునకు ఈ బాధ తెలియును. లోపల రోగి మంచముమీద నుండును. బయట తల్లియో అత్తయో చెట్టుక్రింద మూట పరచుకొని, వండుకొనుటకు పొయ్యి లేక, ఎవరిని ఏమి అడుగవలెనో తెలియక కూర్చుండును. ఆ ఆందోళన చివరకు నర్సుమీదనే కోపముగా పడును. బంధువులు నిద్రపోవుటకు చోటుండినయెడల వార్డులో సగము గొడవ తగ్గును. రాజాగారు వైద్యము ఎరుగరు. అయినను వైద్యుల భారమును ఒక ప్రక్కనుండి ఎత్తిరి.

ప్రభుత్వమువారు కుగ్లరుగారికి 1905లో కైజరీ హిందు పతకమునిచ్చిరి. 1917లో మరల గౌరవించిరి. పతకముల సంగతి ఇంతటితో చాలును. 1928లో ఆమె తన పని చరిత్రను ఒక పుస్తకముగా వ్రాసెను. దానికి తన పేరు పెట్టక, గుంటూరు మిషను ఆసుపత్రి అని ఆసుపత్రి పేరే పెట్టెను.

ఆమె కాలములో ఈ అలసటకు శాస్త్రములో పేరు లేదు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు తమ వ్యాధుల పట్టిక 11వ కూర్పులో దీనిని వివరించిరి. పనిచోట ఎడతెగని ఒత్తిడిని సరిగా తీర్చనప్పుడు కలుగు స్థితియని చెప్పి, మూడు గుర్తులు చూపిరి. సత్తువ అంతయు ఇంకిపోవుట ఒకటి. పనిమీద మనస్సు విరిగి, మనుష్యులను మ్రాకులవలె చూచుట రెండవది. నా చేత ఏమియు కాదను భావము మూడవది. ఇది వ్యాధి కాదనియు, పనికి సంబంధించిన స్థితియనియు వారు స్పష్టముగా చెప్పిరి. అనగా మందు మనిషికి మాత్రమే వేసిన చాలదు, పనిచోటుకును వేయవలెను. 2020, 2021 సంవత్సరములలో కోవిడు కాలమున మన నర్సులు, ఆశా కార్యకర్తలు పడిన పాట్లు చూచినవారికి ఈ మూడు గుర్తులును పరిచయమే.

తోటివారికి సహాయపడు గుణము ఈ ఒత్తిడిని తగ్గించుననుటలో సందేహము లేదు. బిడ్డకు జ్వరము వచ్చినదానికి బదులుగా డ్యూటీ చేయుట, క్రొత్తగా వచ్చిన పిల్లకు నరము దొరకనప్పుడు నవ్వక ప్రక్కన నిలిచి చూపుట, రోగి బంధువులు తిట్టినప్పుడు తోటి నర్సును ఒంటరిగా విడువకుండుట. ఇవి జీతపు కాగితములో వ్రాయబడినవి కావు. అయితే ఇందులో ఒక చిక్కు కలదు. మెత్తని స్వభావము గలవారినే అందరును అడుగుదురు. కాదనలేనిదానికి మూడవ రాత్రియు డ్యూటీ పడును. అందులోను మా చెల్లి క్రైస్తవురాలు, ఏమియు అనదు అను మాట తోడగును. గలతీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయములో అపొస్తలుడు ఒకరి భారములు ఒకరు భరింపవలెనని చెప్పి, మూడు వచనములు దాటకముందే ప్రతివాడును తన బరువు తాను మోయవలెనని చెప్పుచున్నాడు. మొదటి మాటను సహాయము చేయువారికి బోధించుచున్నాము. రెండవ మాటను సహాయము పొందుటకే అలవాటుపడినవారికి ఎన్నడు బోధించితిమి?

భూపాలపల్లి దాటి గోదావరి వైపున్న అడవి పల్లెలలో తిరుగు ఆరోగ్య కార్యకర్త సాయంకాలము ఇంటికి వచ్చి నీళ్లు మోసి, వంట చేసి, మరల సంఘ స్త్రీల కూటమునకు పాటలు నేర్పవలెనని మన కోరిక. ఆమెయు కాదనదు. ఈ నెల స్త్రీల సమాజమువారు ఇట్టివారి పేర్లు వ్రాసికొని, ఎవరియింటికి ఎప్పుడు కూర పంపవలెనో, ఎవరి బిడ్డను ఏ రాత్రి చూచుకొనవలెనో నిర్ణయించుకొనినయెడల బాగుండును. పాటలు మరియొకరు నేర్పవచ్చును.

కుగ్లరుగారు వృద్ధాప్యములోను గుంటూరు విడువలేదు. చివరి దినములలో వ్యాధిచేత బలహీనులై, తాము కట్టించిన ఆసుపత్రియందు తాము శిక్షణ ఇప్పించిన చేతుల పరిచర్యనే పొందిరి. 1930వ సంవత్సరము జూలై 26న గుంటూరులో ప్రభువునందు నిద్రించిరి. బడిపంతులమ్మగా పంపబడి వచ్చి అప్పటికి దాదాపు 47 సంవత్సరములు. ఆ ఆసుపత్రికి తరువాత కుగ్లరు ఆసుపత్రి అను పేరు కలిగెను. అయినను ఆమె చనిపోయిన మరునాడు ఉదయమున రోగులను చూచుటకు అక్కడ వైద్యురాండ్రును నర్సులును ఉండిరి. 1886లోనైతే ఆ తలుపు మూతపడియుండెడిది.